ఆకుపచ్చ దుప్పటి

కూతురి షాపులో కాటాయనకు అప్పజెప్పిన పని పాత వీడియోగేమ్ క్యాసెట్లు తుడవడం. పుల్లకు చుట్టిన దూదిని స్పిరిట్‌లో ముంచి, క్యాసెట్టు నోట్లో వరసగా కనిపించే రాగి పళ్ళను అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు రుద్దాలి. దూది నల్లబడితే పుల్ల మార్చాలి. అది తెల్లగా బయటికి వచ్చేదాకా ఆయన వదిలేవాడు కాదు. గోడౌన్‌లో తూకం కాటా దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి గనక వీధిలో అందరికీ ఆయన కాటాయనే. రిటైరయ్యాక కూతురు తన షాపులో ఒక స్టూలు వేసి, ఇంట్లో అమ్మతో పోట్లాడేకంటే ఇక్కడ కూచోమంది.

ఆ మంగళవారం పొద్దున ఆమె ఒక అట్టపెట్టె మోసుకొచ్చింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది సామానంతా ఒకే ధరకు వదిలించుకున్నారట. పెట్టె నిండా బొద్దింకల వాసన. కాటాయన ముక్కుకు రుమాలు కట్టుకుని పనిలో పడ్డాడు. కార్ల పందేలు, తుపాకుల ఆటలు, ఒకే బంతి ఆటవి నాలుగు. పదిహేడోదో పద్దెనిమిదోదో తీసినప్పుడు చెయ్యి ఆగిపోయింది.

ఆట పేరు ‘తుఫాను మనిషి’. మేడల మీదుగా పిడికిలి ముందుకు చాచి ఎగిరే వీరుడు, వీపు వెనక గాలికి ఉబ్బిన పొడవాటి దుప్పటి. ఆ దుప్పటి ఆకుపచ్చగా ఉంది. ఎర్రగా ఉండాలి. ఎర్రగా ఉండాలని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినవాడు కాటాయన. ముప్పై రెండేళ్ళ కిందట, ఇంకా కాటా మొహం చూడకముందు, ఆయన ఆఫ్‌సెట్ ప్రెస్సులో మెషిన్‌మ్యాన్. ఈ లేబులు అచ్చువేసింది ఆయనే. ఈ ఆకుపచ్చ కోసమే ఆయన్ని అందరిముందూ నిలబెట్టి పనిలోంచి తీసేశారు.

తుడవలేదు. తుడిచిన వాటి కుప్పలో అన్నిటికంటే అడుక్కి తోసేశాడు, దొంగసొత్తు దాచినట్టు. తర్వాతి క్యాసెట్టు తీసి, అప్పటికే శుభ్రంగా ఉన్న పళ్ళను మళ్ళీ మళ్ళీ రుద్దుతూ కూచున్నాడు.

గంట తర్వాత కూతురు ఫోటోలు తియ్యడానికి కుప్పను బల్లమీద పరిచింది. ఒకదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తర్వాత, “నాన్నా, కదలకు,” అంది. “దీన్ని తుడిచావా? లేబులు మీద స్పిరిట్ గానీ పడిందా?”

“లేదు. దాన్ని ముట్టుకోలేదు.”

ఆమె నేలమీదే కూలబడింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, బేరాల్లో ఆరితేరింది, కానీ క్యాసెట్టును రెండు అరచేతుల్లోనూ పిచుకపిల్లలా పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూనే గబగబా చెప్పుకొచ్చింది. ఈ ఆటవి ఎర్ర దుప్పటివి చెత్తబుట్టల్లో కూడా దొరుకుతాయి. ఆకుపచ్చవి మాత్రం, తప్పు ఎవరో కనిపెట్టేలోపల కాసిని అంటించేశారట, మిగతా లేబుళ్ళు తగలబెట్టారట. ఇప్పటిదాకా లోకం మొత్తం మీద బయటపడ్డవి ఆరు. చివరిది పలికిన ధరకు తాము అద్దెకున్న ఈ షాపు గదినీ, పక్క గదినీ, పైనున్న పళ్ళ డాక్టర్నీ కలిపి కొనేయొచ్చు.

“రంగు తప్పుపడినదానికా అంత?” అన్నాడు కాటాయన.

“తప్పుపడింది కాబట్టే నాన్నా.”

ఆయన పుల్ల మార్చుకున్నాడు. కూతురు అప్పటికే ఫోటో తీసి పాత ఆటలు సేకరించేవాళ్ళ గుంపులో పెట్టేసింది. పావుగంటలో ఫోను మోగడం మొదలైంది. మోగిన ప్రతిసారీ ఆమె లేచి నిలబడేది, మాట్లాడుతూ షాపులో ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగేది. మధ్యాహ్నానికి ఒకాయన గురువారం స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

భోజనాల దగ్గర కూతురు ఆ సంగతి చెబుతూ కలెక్టరు వస్తున్నాడనేసరికి, తల్లి గరిటె వదిలేసి, వస్తే మన షాపుకెందుకు వస్తాడు, ఏం తప్పు చేశావని కంగారుపడింది. కలెక్టరంటే అధికారి కాదు, పాత క్యాసెట్లు కలెక్ట్ చేసే ఆయనని తేలాక ఊపిరి పీల్చుకుంది. ఫోను తీసుకుని దూరంగా పట్టి బొమ్మ చూసింది.

“ఇది ఆకుపచ్చేనా? ఎందుకైనా మంచిది, మీ నాన్ననడక్కు,” అంది.

ఆ ఇంట్లో అది పాత హాస్యం. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత ఉంది కదా, ఆ ఉద్యోగం పోయిన ఏడాదే భార్య తమ్ముడు ఆయనకు ‘కామెర్ల బావ’ అని పేరు పెట్టాడు. పెళ్ళిళ్ళలో కొత్త అల్లుళ్ళకు కూడా ఆయన్ని ఆ పేరుతోనే చూపిస్తాడు. తల్లీకూతుళ్ళు నవ్వారు. కాటాయన కూడా ఎప్పటిలాగే నవ్వాడు. పళ్ళెంలో కలుపుకున్నది మాత్రం అలాగే ఉండిపోయింది.

*

కలెక్టరు గురువారం పదకొండింటికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, భుజాన తోలుసంచి, కూచోగానే చేతులకు తెల్లటి నూలు గ్లవ్స్ తొడిగాడు. బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి, దానిమీద క్యాసెట్టు పెట్టి, చిన్న భూతద్దం కంటికి ఆనించాడు. అయిదు నిమిషాలు అలాగే చూశాడు. కూతురు కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగింది. కాటాయన తన మూలలో పుల్లకు దూది చుడుతూనే ఉన్నాడు. పుల్ల చివర దూది నిమ్మకాయంత అయింది.

కలెక్టరు గ్లవ్స్ విప్పేశాడు. అది చూడగానే కూతురి మొహం పాలిపోయింది.

“దొంగదమ్మా,” అన్నాడాయన. “బాగానే చేశారు గానీ, దొంగదే.”

కారణం కూడా ఓపికగా చెప్పాడు. అసలైన ఆకుపచ్చవి ఆయన ఫోటోల్లోనే చూశాడు గానీ, ఎర్రవి వందలు చూశాడు. ఎర్రవాటిలో బొమ్మ చుట్టూ నల్లగీత రంగుమీద ఉంటుంది. ఇందులో గీత కిందపడింది, ఆకుపచ్చ దానిమీదికి ఎక్కింది. ఎరుపు వెలిసిపోయిన పాత లేబులు మీద ఎవరో ఆకుపచ్చ అద్ది ఉంటారు. ఈ ఏడాదిలోనే ఇలాంటివి నాలుగు దొరికాయట. ఇంతదూరం వచ్చినందుకు ఆయనకేం కోపం లేదు. సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

కాటాయన స్టూలు మీంచి లేచాడు. చేతులు ప్యాంటుకు రెండువైపులా తుడుచుకున్నాడు.

“ఆ అద్దం ఒకసారి ఇస్తారా?”

కలెక్టరు మొహమాటానికి ఇచ్చాడు. కాటాయన క్యాసెట్టును కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, వెలుతురు పక్కనుంచి పడేలా కాస్త వంచి, అద్దాన్ని కంటికి పెట్టాడు. రెండో కన్ను మూయలేదు. అద్దం పట్టిన చేతి చిటికెనవేలు చెంపకు ఆనింది, ఆ చెయ్యి అణువంత కూడా వణకలేదు. తండ్రి అలా నిలబడటం కూతురు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“గీత కిందే ఉంటుంది,” అన్నాడు. “ఇది ఒక్కో రంగూ ఒక్కో విడత పడే మెషిన్. ముందు పసుపు, తర్వాత నీలం, తర్వాత నలుపు. దుప్పటి ప్లేటు, అంటే దాని అచ్చురేకు, ఆలస్యంగా వచ్చింది, అందుకని అది ఆఖర్న పడింది, నలుపు మీద. ఎర్రవి తర్వాత వేశారు. అప్పటికి ప్లేట్లన్నీ చేతిలో ఉన్నాయి గనక నలుపు చివర వేసుంటారు. అది పద్ధతి.”

కలెక్టరు సర్దడం ఆపాడు. కాటాయన క్యాసెట్టు తిప్పి, లేబులు పైఅంచు మీదినుంచి వెనక్కి మడతపడిన చోట గోటితో చూపించాడు. అక్కడ చీమ తలంత ప్లస్ గుర్తు, సగం కత్తిరించుకుపోయి ఉంది. రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూచున్నాయో లేదో చూసుకోవడానికి కాగితం అంచున వేసే గుర్తు అది. ఏ రంగు ప్లేటు ఆ రంగులో వేస్తుంది. కత్తిరించేవాడు పూర్తిగా తీసెయ్యాలి, వీడెవడో సగం వదిలేశాడు.

“నల్ల గుర్తు పక్కనే ఆకుపచ్చది చూడండి, వెంట్రుకవాసి కుడికి జరిగింది. రంగు అద్దేవాడు దుప్పటి మీద అద్దుతాడు గానీ, ఈ గుర్తుమీద ఎందుకు అద్దుతాడు?”

కలెక్టరు అద్దం తీసుకుని చూశాడు. క్యాసెట్టు తిప్పి మళ్ళీ చూశాడు. గ్లవ్స్ వేసుకోవడం కూడా మర్చిపోయాడు. తలెత్తేసరికి మొహం నిండా రక్తం పొంగింది, పదేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు.

“ఇవన్నీ మీకెలా తెలుసు?”

“ఇది వేసింది నేనే.”

కూతురికి తండ్రి ఏదో రంగు పని చెడగొట్టుకుని ప్రెస్సులోంచి వచ్చేశాడని తెలుసు, ఆ పని ఇదని తెలియదు. ఆమె ఒక చేత్తో బల్ల పట్టుకుంది. కలెక్టరు మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని ప్రశ్నల వాన కురిపించాడు. ఏ మెషిను, ఎన్ని కాగితాలు పడ్డాయి, ఎన్నాళ్ళకు తెలిసింది. ఆకుపచ్చ దుప్పటి ఎలా వచ్చిందన్నది సేకరించేవాళ్ళందరికీ ఇరవై ఏళ్ళుగా అంతుపట్టని సంగతి. అది వేసిన మనిషి ఇలా మూల స్టూలు మీద దూది చుట్టుకుంటూ కూచున్నాడని చెబితే ఎవరూ నమ్మరన్నాడు. అందుకని చిన్న కాగితం కావాలి. పొరపాటున ఎరుపు డబ్బా బదులు ఆకుపచ్చ డబ్బా వేశానని రాసి సంతకం పెడితే చాలు, ఇవాళే మాట ఖాయం చేసుకుంటాడు. ధర ఎంతో కూడా చెప్పాడు. కూతురు చటుక్కున తెల్లకాగితం, పెన్నూ తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

కాటాయన పెన్ను పట్టుకున్నాడు. మూత తీశాడు. కాగితం పైన ఆ రోజు తేదీ వేశాడు, అందంగా, అంకెలన్నీ ఒకే ఎత్తులో. తర్వాత చెయ్యి కదల్లేదు.

“పొరపాటు కాదు,” అన్నాడు.

కలెక్టరుకు అర్థం కాలేదు. కాటాయన మెల్లగా చెప్పాడు. ఎర్ర ఇంకు అయిపోయింది. కొత్త డబ్బా రావడానికి రెండు రోజులు పడుతుంది. కంపెనీవాళ్ళు ఆ సాయంత్రానికే కావాలంటున్నారు. ఓనరు తమ్ముడు, చిన్న ఓనరు, ఆకుపచ్చ డబ్బా తెచ్చి మెషిన్ మీద పెట్టి, దీంతో కొట్టెయ్యమన్నాడు. కొట్టాడు. కంపెనీవాళ్ళు వచ్చి గోల చేసినప్పుడు పెద్ద ఓనరు ఎవరు వేశారని అడిగాడు. చిన్న ఓనరు గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

కలెక్టరు ఇబ్బందిగా కదిలాడు. నిజమే కావచ్చు గానీ, అమ్మేవాళ్ళ నాన్న తన తప్పు లేదని రాసుకుంటే దానికి విలువేముంటుంది? తప్పు నాదేనని రాస్తే ఎవరూ శంకించరు. ఆ చిన్న ఓనరు ఉన్నాడో లేడో. ఒక్క మాటే కదా, ముప్పై ఏళ్ళ కిందటిది.

కూతురు తండ్రి వైపు చూసింది. వేసిన తేదీ వైపు చూసింది.

“రెండు రోజులు టైమివ్వండి,” అంది కలెక్టరుతో.

*

చిన్న ఓనరు ఉన్నాడు. ప్రెస్సు ఎప్పుడో అమ్మేశారు, పెద్ద ఓనరు పోయాడు, ఈయన కొడుకు దగ్గర మూడో అంతస్తులో ఉంటున్నాడు. శుక్రవారం సాయంత్రం తండ్రీకూతుళ్ళు బస్సు దిగి అడ్రసు వెతుక్కుంటూ వెళ్ళారు. మెట్లెక్కేటప్పుడు కాటాయన ప్రతి అంతస్తులోనూ ఆగాడు. ఆయాసానికి కాదని కూతురికి తెలుసు.

కోడలు తలుపు తీసి, కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. చిన్న ఓనరు ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళమీద శాలువా, చొక్కా జేబులో రెండు పెన్నులు. కాటాయన్ని గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. పట్టాక ఆప్యాయంగానే మాట్లాడాడు. ఏమోయ్, నువ్వా, జుట్టంతా పోయిందేం, అన్నాడు. కూతురు ఫోనులో బొమ్మ చూపించింది. ఆయన కళ్ళజోడు మార్చి చూశాడు.

“ఆ, ఇదా. ఇది నువ్వు చెడగొట్టిన పని కదుటోయ్. అన్నయ్య నిన్ను తీసేసింది దీనికే.”

కాటాయన నీళ్ళగ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. మెట్లమీద కూడబలుక్కున్న మాటలన్నీ ఆ గ్లాసులో పడిపోయినట్టున్నాయి. మీరే చెప్పారు కదా సార్ అని మాత్రం అన్నాడు. తనకేం గుర్తులేదన్నాడు చిన్న ఓనరు. అన్నాళ్ళ కిందటివి ఎవరికి గుర్తుంటాయి, అయినా ఇప్పుడవన్నీ దేనికి, అని కోడలితో టీ పెట్టమన్నాడు.

కూతురు ఉండబట్టలేక అసలు సంగతి చెప్పేసింది. ఎత్తుగడేం కాదు, మూడు రోజులుగా ఎవరు కనిపించినా అదే చెబుతోంది. ఈ లేబులు కోసం దేశదేశాలవాళ్ళు వెతుకుతున్నారనీ, ఒక్కోటి ఒక ఇంటి ధర పలుకుతోందనీ, దీని బొమ్మతో చొక్కాలు కూడా వేసుకుంటున్నారనీ, ఆ వీరుడికి ఆకుపచ్చే అందం, ఎరుపు ఏముంది అందరికీ ఉండేదే అని వాదించుకుంటున్నారనీ చెప్పింది. ఆ రంగు పెట్టాలని ఎవరికి తట్టిందో ఎవరికీ తెలియదట.

చిన్న ఓనరు శాలువా పక్కకు తీశాడు.

“ఎవరికి తట్టిందంటున్నారు?”

“ఎవరికీ తెలియదండీ. ఎవరో పొరపాటున వేశారంటున్నారు.”

“పొరపాటేమిటమ్మా? నేను చెప్పి వేయించాను,” అన్నాడాయన. కుర్చీలో ముందుకు జరిగాడు. “ఎరుపు లేదు సరే, ఆకుపచ్చయితే చూపు లాగుతుందని నాకు అప్పుడే అనిపించింది. డబ్బా నా చేత్తో తెచ్చిపెట్టాను. ఇదిగో వీడు వద్దన్నాడు కూడా. ఎరుపు వచ్చేదాకా ఆగుదాం సార్ అని నసిగాడు. వీడికేం తెలుసు.”

కోడలు టీ కప్పులు పెట్టి వెళ్ళింది. కాటాయన గ్లాసు బల్లమీద పెట్టేశాడు. ఎంతో నెమ్మదిగా పెట్టాడు, చప్పుడు చేస్తే ఏదో ఎగిరిపోతుందన్నట్టు.

“సార్, ఆ మాట మీ చేత్తో మీరే రాసిస్తే బాగుంటుంది. లేకపోతే పొరపాటనే అనుకుంటారు.”

చిన్న ఓనరుకు రెండోసారి చెప్పించుకోవలసిన పని లేకపోయింది. జేబులో పెన్నుల్లో మంచిది ఎంచుకున్నాడు. ప్రెస్సు పేరు, తన పేరు, అప్పటి సంవత్సరం, అన్నీ పెట్టి రాశాడు. ఆకుపచ్చ తన నిర్ణయమనీ, డబ్బా తానే తెచ్చి మెషిన్ మీద పెట్టాననీ, ఇది తన కళాదృష్టికి ఒక చిన్న నిదర్శనమనీ రాశాడు. రాసింది పైకి చదివాడు.

“నేను వద్దన్నానని కూడా రాయండి సార్,” అన్నాడు కాటాయన.

“ఎందుకది?”

“మీరు పట్టుబట్టి వేయించారని తెలుస్తుంది కదా.”

చిన్న ఓనరు ఆలోచించాడు. ఆ మాట ఆయనకు నచ్చింది. మెషిన్‌మ్యాన్ ఎంత వారించినా వినక వేయించితిని, అని ఒక వాక్యం చేర్చి, కింద పొడుగాటి సంతకం చేశాడు.

వీధిలోకి వచ్చాక ఇద్దరూ చాలాదూరం నడిచారు. బస్టాపు దాటిపోయారు కూడా. చివరికి, వద్దని చెప్పావన్న సంగతి మాకెప్పుడూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

“చెప్పాను. మీ అమ్మకి నాలుగుసార్లు చెప్పాను. వేరే ప్రెస్సులకి ఉద్యోగానికి వెళ్ళినప్పుడూ చెప్పాను. వాళ్ళకు అప్పటికే పెద్ద ఓనరు కబురుపెట్టాడు, వీడి కంటికి రంగు ఆనదని. అయిదోసారి చెబితే నాకే అబద్ధంలా వినిపిస్తుందేమోనని మానేశాను.”

కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన కాగితం పెట్టుకున్న జేబుమీద చెయ్యి వేసుకునే నడిచాడు, ఎవరైనా తోసుకుంటూ వెళితే పక్కకు తప్పుకున్నాడు. నడక చూస్తే ముప్పయ్యేళ్ళవాడిలా ఉంది.

ఇంట్లో భార్య ఆ కాగితం నిలబడి ఒకసారి, కూచుని ఒకసారి చదివింది. ఫోను తీసి తమ్ముడికి కలిపింది. క్షేమసమాచారాలు అడగలేదు. పైనున్న ప్రెస్సు పేరు దగ్గర్నుంచి కిందున్న తేదీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివి వినిపించింది.

“విన్నావా? వినపడకపోతే మళ్ళీ చదువుతా,” అంది. అటునుంచి ఏం అన్నాడో గాని, “ఇకమీదట బావని బావ అను, చాలు,” అని పెట్టేసింది.

*

శనివారం కలెక్టరు ఉత్తరం చదివి ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంకేం కావాలన్నాడు. క్యాసెట్టూ ఉత్తరమూ కలిపి ఒకే గాజుపెట్టెలో పెడతాడట. చెప్పిన ధరకు ఇంకొంత కలిపి చెప్పాడు. కూతురు చెయ్యి గుండెమీదికి వెళ్ళింది. అంతలోనే ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన బల్లమీద ఆ కాగితం అంచును వేలితో సరిచేస్తున్నాడు, అంతే.

“క్యాసెట్టు తీసుకెళ్ళండి,” అంది కూతురు. “ఉత్తరం జిరాక్సు ఇస్తాం.”

జిరాక్సుకు అంత విలువ ఉండదు, ధర తగ్గించాల్సి వస్తుందన్నాడు కలెక్టరు. బెదిరింపేం కాదు, ఉన్నమాటే.

“తగ్గించుకోండి.”

కాటాయన చివ్వున తలెత్తాడు. షాపు గది సంగతేమిటి, మరోసారి ఆలోచించుకోమని కూతురితో అన్నాడు. గది ఇప్పుడు కాకపోతే మరో రెండేళ్ళకు కొనుక్కుంటానందామె, ఆలోచించడం నిన్న బస్సులోనే అయిపోయిందంది. కలెక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సరేనన్నాడు.

జిరాక్సు షాపు వీధి చివర. కాటాయన ఒక్కడే వెళ్ళాడు. కౌంటరు వెనక ఒకామె వరస కట్టిన జనానికి కాపీలు తీసిస్తోంది. ఆమె ఆయన కాగితం తీసుకుని గాజు మీద పెట్టి, మూత వేసి, మీట నొక్కింది. కాపీ బయటికొచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పక్కనుంచి, పైనుంచి చూశాడు.

“కుడిపక్క తేలిపోతోందమ్మా. సంతకం చివర చూడండి. ఎడమపక్క బాగా పడింది.”

ఆమె చూసింది. తనకు రెండువైపులా ఒకేలా కనిపిస్తోందంది. మళ్ళీ చూసింది, ఈసారి సంతకం తోకను వేలితో వెతికింది. నిజమే, చివరి మెలిక బూడిదరంగులోకి తిరిగింది. పొద్దుటినుంచి వందల కాపీలు తీశాను, ఎవరూ అనలేదే, అనుకుంటూ మెషిన్ తలుపు తెరిచింది. కాటాయన కౌంటరు మీదికి వంగి, ఇంకు పొడి డబ్బాను బయటికి తీసి ఎడమనుంచి కుడికి నాలుగుసార్లు ఊపమని చెప్పాడు. ఆమె ఊపి పెట్టింది. రెండో కాపీ వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. వరసలో ఉన్నవాళ్ళు కూడా మెడలు చాచి చూశారు.

“ఇప్పుడు బాగుంది.”

“మీరు ఏం చేస్తారండీ?” అంది ఆమె.

“ప్రెస్సులో మెషిన్‌మ్యాన్ని,” అన్నాడాయన.